యంత్రమునందు హృదయము లేదా?

యంత్రమునందు సౌందర్యము లేదని మన సాహిత్యపరులలో కొందఱు తీర్పు చెప్పి కూర్చున్నారు. వారికి రాట్నము కావ్యవస్తువు. జిన్నింగు మిల్లు కర్ణకఠోరము. రోకటిపాట రసవంతము, కారపు మర నీరసము. ఇంటింట వినవచ్చిన రోకటిచప్పుడు అణగిపోయెనే యని వీరు వగచుచుందురు. ఈ వగపు ఎవరిది? రోకలి పట్టినవారిదా, పంచలో పడకకుర్చీపై మేను వాల్చి విన్నవారిదా?

గుంటూరు సీమలో ఎండుమిరపకాయలు దంచుట యననేమో ఆ పని చేసిన చేతుల నడుగవలెను. కొంగు ముక్కునకు చుట్టుకొని, తుమ్ములతో దగ్గులతో కన్నీరు కార్చుచు, ఏడాదికి సరిపడు కారమును ఇంటి యాడువారే కొట్టుచుండిరి. పాట వారికి అలంకారము కాదు, అలసటకు మందు. మందు తియ్యగా నున్నదని రోగమును కొనియాడువాడు వివేకి యగునా? పాటను భద్రపఱచుడు, పిల్లలకు నేర్పుడు. కాని పాటకొఱకు రోకలిని మరల ఆడువారి చేతికి అంటగట్టకుడు. కారపు మర వీధిలోనికి వచ్చిననాడు ఆ చేతులకు చిక్కిన తీరికయు కావ్యవస్తువే.

ఇక పత్తిమరను చూతము. తోలు తొడిగిన రోలర్లు తిరుగుచు పింజను పట్టి లాగును. వాని నంటి నిలిచిన కత్తి గింజను అడ్డగించును. కదలెడు మఱియొక కత్తి ఆ గింజను తట్టి క్రిందికి రాల్చును. పింజ ఒకవైపు, గింజ ఒకవైపు. ఈ ఉపాయమునకు మూలము 1840లో అమెరికాలో మెకార్థీ కల్పించిన మర. అతడు పోయి ఎన్నియో యేండ్లయినను అతని యాలోచన మన పత్తిసీమలో నేటికిని తిరుగుచున్నది. అమరావతి పలకలలో శిల్పి బుద్ధిని చూచి మెచ్చువారు ఉక్కులో నిలిచిన ఈ బుద్ధిని ఏల కానరు?

సామాన్యజనుల కన్ను వీరి కంటికన్న నిర్మలము. 1967లో కాలువలకు నీరందించిన నాగార్జునసాగరమున గేట్లు ఎత్తినారని వినగానే పిల్లాపాపలతో జనము తరలిపోవుదురు. ఆ నురుగును చూచి మురియుట వారికి ఏ యలంకారశాస్త్రమును నేర్పలేదు. ఆ నీరే కుడికాలువ వెంట పల్నాటికిని ప్రకాశము జిల్లాకును వచ్చి పైరుగా మాఱునన్న యెఱుక వారి చూపులో నున్నది. అందమును అర్థమును వారు వేఱు చేయలేదు.

అయితే యంత్రమును చూచి మైమఱచువారికిని ఒక మాట. 1793లో అమెరికాలో విట్నీ యనునతడు తీగపండ్ల పత్తిమరను కల్పించెను. గింజ తీయు శ్రమ తగ్గెను. అంతట పత్తిసాగు విస్తరిల్లి, ఆ చేలలో చాకిరి చేయు బానిసల సంఖ్యయు పెరిగెను. శ్రమను తగ్గించిన మరయే సంకెలను బిగించెను! దోషము తీగపండ్లది కాదు. లాభమును మాత్రమే లెక్కించిన మనుష్యులది. కావున యంత్రసౌందర్యమునకు గీటురాయి యిది: అది ఎవరి నడుమునకు విశ్రాంతి నిచ్చినది? ఎవరి నడుమును విఱిచినది?

ఈ గీటురాయిపై మన గుంటూరును గీచి చూతము. మిరప రంగు చెడకుండ శీతలగిడ్డంగులు వెలసినవి. పండిన కాయను ధర వచ్చుదాక నిలుపుట రైతునకు మేలే. కాని ఆ పట్టణముననే పెక్కుచోట్ల స్త్రీలు నేల గూర్చుండి ఉత్తచేతులతో కాయల తొడిమలు తీయుచున్నారు. నీట కడిగినను ఆ మంట తీఱదు. మిరపఘాటు మన శరీరమున వేడిమిని గుర్తించు నరములనే తాకునని చూపిన డేవిడ్ జూలియస్ 2021లో వైద్యశాస్త్రమున నోబెలు బహుమానమును మఱియొకరితో పంచుకొనెను. చేతులు మండుచున్నవని ఆ స్త్రీలు చెప్పుట అతిశయోక్తి కాదు. శరీరమునకు అది నిప్పే. కాయరంగునకు చలువగది, కూలిచేతికి తొడుగైన కఱవు! ఇది యంత్రము హెచ్చగుట కాదు, చాలకపోవుట. అంతకుమించి దయ చాలకపోవుట.

తొడిమ తీయు మర వచ్చినచో వారి కూలి పోవును గదా యందురు. త్రోసివేయదగిన ప్రశ్న కాదు. కాని చేయి కాలుటయే బ్రతుకుతెఱువుగా నుండనిమ్మనుట దానికి జవాబు కానేరదు. ఆ మరను ఆ స్త్రీల సంఘములకే స్వంతము చేయుడు. త్రిప్పుట వారికే నేర్పుడు. లాభము వారికే చెందనిండు. అంతదాక చేతికి తొడుగును, ముక్కునకు గుడ్డయు, గాలి యాడు పాకయు ఇచ్చుట యజమానుల విధి. ఆ విధిని అడుగుట మన విధి. తొడిమ లేని కారపు వన్నెను మెచ్చు ప్రతి గృహమునకును ఈ బాకీలో పాలు గలదు.

కవులారా, యంత్రమునందు హృదయము లేదనుచున్నారు. దానిని అందు పెట్టవలసినవారము మనమే. పెట్టనిదానిని వెదకి, లేదని నిందించుట న్యాయమా?