ఆ కణాలు మందా, అవయవమా?

అర్ధరాత్రి రెండింటికి మా ఫ్లాట్‌లో అలారం మోగితే ఆఫీస్ సర్వర్ పడిపోయిందేమో అనుకుంటాను. చాలాసార్లు పడిపోయేది సర్వర్ కాదు, మా రూమ్మేట్ షుగర్. వాడి చేతికి అతికించిన సెన్సర్ 54 చూపిస్తూ ఫోన్‌లో గోల పెడుతుంటుంది. వాడు మాత్రం లేవడు. గట్టిగా కుదిపితే కళ్లు తెరుస్తాడు. గ్లూకోజ్ నీళ్లు తాగించి, పావుగంట ఆగి మళ్లీ చెక్ చేసి పడుకుంటాం. పొద్దున అడిగితే, "నాకేం తెలీలేదు రా" అంటాడు.

వాడిది టైప్ 1. చిన్నప్పుడే వచ్చింది. "స్వీట్లు బాగా తిన్నావా బాబూ?" అని ఇప్పటికీ అడిగే చుట్టాలున్నారు. (మీరూ ఎవర్నైనా అలా అడుగుతుంటే దయచేసి ఆపేయండి.) మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరబడి, ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని చంపేస్తే వచ్చే జబ్బు ఇది. ఏళ్ల తరబడి ఇన్సులిన్ తీసుకున్నాక కొందరికి షుగర్ పడిపోతున్నా ముందుగా తెలీదు. చెమట పట్టదు, వణుకు రాదు, ఏకంగా స్పృహే తప్పుతుంది.

ఐలెట్ ట్రాన్స్‌ప్లాంట్ ముఖ్యంగా ఇలాంటి వాళ్ల కోసమే. చనిపోయిన దాత క్లోమం, అంటే ప్యాంక్రియాస్ తీసుకుని, ఎంజైమ్‌తో కరిగించి, అందులోని ఐలెట్లు అనే చిన్న కణాల గుంపుల్ని వేరు చేస్తారు. సన్నని గొట్టం ద్వారా కాలేయానికి వెళ్లే రక్తనాళంలోకి ఎక్కిస్తారు. పెద్ద ఆపరేషన్ ఉండదు. ఆ కణాలు కాలేయంలో స్థిరపడి, అక్కడే ఇన్సులిన్ తయారుచేస్తాయి. 2000లో కెనడాలోని ఎడ్మంటన్‌లో డాక్టర్ జేమ్స్ షాపిరో బృందం ఏడుగురికి ఇలా చేస్తే, ఏడుగురూ ఇన్సులిన్ మానేయగలిగారు. అప్పటికి అది పెద్ద సంచలనం.

చిక్కులూ ఉన్నాయి. ఒక్క దాత కణాలు చాలాసార్లు సరిపోవు. పైగా ఒళ్లు ఆ కణాల్ని తిప్పికొట్టకుండా, అవి పనిచేసినన్నాళ్లూ ఇమ్యూనిటీ తగ్గించే మందులు మింగుతూనే ఉండాలి. అంటే ఇన్ఫెక్షన్లు, కిడ్నీ సమస్యల రిస్క్. అందుకే షుగర్ ఉన్న అందరికీ ఇది చేయరు, చేయకూడదు కూడా.

నన్ను ఆపేసిన విషయం ఇది కాదు. బ్రిటన్‌లో ఈ కణాల్ని అవయవాల్లాగే చూస్తారు. క్లోమం మొత్తం మార్చాల్సిన వాళ్లూ, ఐలెట్లు కావాల్సిన వాళ్లూ అక్కడ ఒకే లిస్టులో ఉంటారు. 2008 నుంచి ఎన్‌హెచ్‌ఎస్సే ఖర్చు పెట్టుకుంటోంది. అమెరికా మాత్రం అవే కణాల్ని మందుగా లెక్కేసింది. మందు అంటే ట్రయల్స్, ఫ్యాక్టరీ స్థాయి ప్రమాణాలు, లైసెన్సు. అవన్నీ అయ్యేదాకా అది ప్రయోగమే, ప్రయోగానికి ఇన్సూరెన్స్ కంపెనీలు డబ్బివ్వవు. ఈలోగా చాలా సెంటర్లు ఈ పని మానేశాయి. చివరికి 2023 జూన్‌లో లాంటిడ్రా అనే ఒక్కదానికి అనుమతి వచ్చింది. ట్రయల్‌లో 30 మంది ఉంటే 21 మంది ఏడాది, అంతకు మించి ఇన్సులిన్ లేకుండా గడిపారు. అయిదుగురికి ఒక్కరోజు కూడా ఇన్సులిన్ ఆగలేదు.

అవే కణాలు, అదే జబ్బు. ఫారంలో ఏ గడిలో టిక్ పెట్టారన్నదాన్ని బట్టి ఒక దేశంలో పేషెంటుకి ఉచితం, ఇంకో దేశంలో ఏళ్ల తరబడి అందనే అందదు. కోడ్‌లో ఒక వేరియబుల్ టైప్ తప్పు రాస్తే ప్రోగ్రామ్ ఆగిపోతుంది, నేను తిట్లు తింటాను. ఇక్కడ ఆగిపోయింది మనుషుల వైద్యం. మందు అనడంలో న్యాయం అస్సలు లేదనను, నాణ్యత చూడాల్సిందే. కానీ దానం చేసిన కిడ్నీని ఎవరూ మందు అనరు కదా. దానం చేసిన క్లోమంలోంచి తీసిన కణాలు మాత్రం మందు ఎలా అయ్యాయి?

దాతల కొరతకి కూడా దారి కనిపిస్తోంది. మూలకణాల నుంచి ల్యాబ్‌లో పెంచిన ఐలెట్లని వర్టెక్స్ కంపెనీ పరీక్షిస్తోంది. 2025లో వచ్చిన ఫలితాల్లో, పూర్తి డోసు తీసుకున్న 12 మందిలో 10 మందికి ఏడాది తర్వాత ఇన్సులిన్ అవసరం లేదు. ఇవి ఎవరూ దానం చేసినవి కావు, కంపెనీ తయారుచేసినవి. ధర కంపెనీ చెప్పిందే. 1923లో ఇన్సులిన్ పేటెంట్‌ని కనిపెట్టినవాళ్లు ఒక్కొక్కరు ఒక్క డాలర్‌కి టొరంటో యూనివర్సిటీకి ఇచ్చేశారు. ఈసారి అలాంటిది నేనైతే ఆశించను.

మన అవయవ మార్పిడి చట్టం 1994లో వచ్చింది. 2011 సవరణతో కణజాలాలు కూడా అందులో చేరాయి. రేపు ఐలెట్లు మన దగ్గర మామూలు వైద్యంగా మారే రోజు వస్తే అవి ఏ గడిలోకి వెళ్తాయో, ఆరోగ్యశ్రీ లాంటి పథకాలు వాటిని చూస్తాయో లేదో ఇప్పుడే అడిగితే తప్పేం లేదు.

ఇదంతా ఉత్సాహంగా రూమ్మేట్‌కి చెప్పాను. వాడు వేలికి సూది గుచ్చుకుంటూ విన్నాడు. సెన్సర్ గడువు ముందురోజే అయిపోయింది. ఒక్కోటి రెండు వారాలే పనిచేస్తుంది, జీతం పడేదాకా కొత్తది కొనడు. అడ్మిట్ అయితే తప్ప వాడి ఇన్సూరెన్స్ రూపాయి ఇవ్వదు.

"బాగుంది రా. ముందు ఈ స్ట్రిప్స్‌కి ఎవరైనా డబ్బులిస్తారేమో కనుక్కో."