బూడిద దిబ్బల వాస్తు

హంపీ దగ్గర నింబాపురంలో ఒక బూడిద దిబ్బ ఉంది. వాలిని దహనం చేసిన చోటు అదేనని చెప్పుకుంటారు. బళ్లారి, రాయచూరు, కర్నూలు, అనంతపురం, పాలమూరు సీమల్లో ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. దొరలు వచ్చి చూసి అగ్నిపర్వతమన్నారు, ఇనుప కొలిమి అన్నారు. తీరా తేలింది ఏమిటయ్యా అంటే, పేడ! ఆ సంగతి 19వ శతాబ్దంలోనే రాబర్ట్ బ్రూస్ ఫూట్ పసిగట్టాడు. 1960లో జోయినర్ అనే శాస్త్రవేత్త ప్రయోగశాలలో పరీక్షించి ఖాయం చేశాడు. మంట వేడికి కొన్నిచోట్ల ఆ పేడ కరిగి, గాజు చిట్టెంలా గడ్డకట్టింది.

ఆదిమ కళ అనగానే మన పాఠాలు ఫ్రాన్సు గుహలకో, భీమ్‌బేట్కాకో దారి తీస్తాయి. ఆదిమ కట్టడం అంటే గుడో, సమాధో అయి ఉండాలి. దక్కను రైతుకు, గొడ్లకాపరికి ఈ కథలో చోటు దొరకదు. కానీ ఈ నేల మీద మనిషి పూనుకుని కట్టిన తొలి పెద్ద కట్టడాల్లో ఒకటి గొడ్లదొడ్డి. ఈ బూడిద దిబ్బలు దాని ఆనవాళ్లే.

అప్పటి పాలమూరు జిల్లా ఉట్నూరులో (ఆదిలాబాదు ఉట్నూరు కాదు) 1957లో ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త అలాంటి దిబ్బనే తవ్వాడు. చుట్టూ మొద్దులు పాతి కట్టిన దడి తాలూకు గుంతలు వరసగా బయటపడ్డాయి. దొడ్డి కాలడం, మళ్లీ అక్కడే దడి కట్టడం, మళ్లీ కాలడం, పొర మీద పొర. ఆ పొరల నడుమ ఆవుల గిట్టల గుర్తులు అచ్చుపడి ఉన్నాయి. నాలుగున్నర వేల ఏళ్ల నాడు ఏదో ఆవు మెత్తటి నేలలో దిగేసిన అడుగు, పైన బూడిద కప్పడంతో చెరగకుండా మిగిలింది.

పేడను వదిలించుకోవడమే పనైతే అవతల పారబోస్తే సరిపోయేది. వీళ్లు అదే చోట తరతరాలుగా కాల్చి, కుప్పను పెరగనిచ్చారు. ఈ మంటలను ఆల్చిన్ మన సంక్రాంతి, హోలీ మంటలతో పోల్చి చూశాడు. భోగినాడు పిడకల దండ మంటలో వేసే ఇంట్లో పుట్టినవాళ్లకు ఆ ఊహ మరీ వింతగా తోచదు. అయితే అక్కణ్నుంచి ఇక్కడికి తిన్నగా గీత గీసేయడానికి మాత్రం నాకు ధైర్యం చాలదు. బూదిహాళ్ దిబ్బను తవ్విన మన పురావస్తు శాస్త్రవేత్త పద్దయ్యగారు వీటిని మంటల తంతు జరిగిన చోట్లుగానే కాక, మనుషులు కాపురమున్న ఊళ్లుగా చూశారు. అక్కడ పశువుల్ని కోసిన చోటు కూడా దొరికింది. వంట, వాటా, మంట, పండగ... ఒక్క దొడ్డి చుట్టూనే.

వాళ్ల బొమ్మల్లోనూ ఆ దొడ్డి పశువులే. బళ్లారి పక్కన కప్పగల్లు కొండ మీద నల్లరాతిని పొడిచి పొడిచి గీసిన ఎద్దులున్నాయి. వంపు తిరిగిన పొడవాటి కొమ్ములు, ఎత్తయిన మూపురం. కొన్ని బొమ్మలైతే, ఎక్కడం మాట అలా ఉంచి, నిలబడడానికే కష్టమైన బండల మీద ఉన్నాయి. అక్కడే కొన్ని రాళ్లు కొడితే గంటలా మోగుతాయి. వాటి మీద చిన్న చిన్న గుంటలు పడి ఉన్నాయి, ఎవరో పదే పదే మోగించిన చోట్లు. రాతి గొడ్డళ్లు చెక్కిన చోటూ ఆ చుట్టుపక్కలే. గొడ్డలికి పనికొచ్చే రాయే ఎద్దుబొమ్మకు పలకగా, పాటకు వాద్యంగా పనికొచ్చింది. పని, పాట, పండగ అని వాళ్లు గీతలు గీసుకున్నట్టు ఆ కొండ మీద ఎక్కడా కనిపించదు.

చాలా దిబ్బలు ఇప్పటికే పోయాయి. పొలానికి మంచి ఎరువని రైతులు బళ్లకెత్తి తోలుకుపోయారు. పురావస్తు శాఖవారు నొచ్చుకోవచ్చుగానీ, ఆ రైతు మీద నాకు కోపం రాదు. ఆవు వేసిన పేడ ఎన్ని వేల ఏళ్లకైనా చేలోకే చేరింది కదా. క్వారీ సంగతి వేరు. కప్పగల్లు కొండల్లో రాతి తవ్వకాల దెబ్బకు కొన్ని రాతిచిత్రాలు ఇప్పటికే దెబ్బతిన్నాయి. దిబ్బల్లో కొన్నిటికి కనీసం రాసిపెట్టిన తవ్వకాల నివేదికలన్నా ఉన్నాయి. ఎద్దుబొమ్మల్లో ఎన్నింటిని ఎవరైనా గీసుకుని, లెక్కరాసుకుని పెట్టారో, ఆ సంగతి క్వారీ లైసెన్సు ఇచ్చేముందే అడగాలి.