నిలిచియుండు సంతోషము ఎక్కడ?



ఈ దినములలో మన పల్లెలలోనికి ఒక క్రొత్త సువార్త వచ్చుచున్నది. గోడలకంటించిన కాగితములలో అది కనబడుచున్నది. మైకులలోను, చేతనున్న సెల్‌ఫోనులోను వినబడుచున్నది. యేసును నమ్ముకొంటే అప్పు తీరునట. కానుక వేసితే వందంతలై తిరిగివచ్చునట. ప్రార్థించిన నూనె రాసికొంటే కువైటు వీసా దొరకునట. అప్పుడు ఇంటిల్లిపాదికి సంతోషమే సంతోషమట! వినుటకు తియ్యగానే యున్నది. కాని ఇది సువార్త కాదు, బేరము. సువార్త అను పైబట్ట కప్పుకొని మన మందిరపు అరుగెక్కిన బేరము. దీనిని చూచియు నోరు మూసికొనుట ప్రేమ కాదు గనుక ఈ మాటలు వ్రాయుచున్నాము.

మొదట ఒక సంగతి స్పష్టముగా చెప్పవలెను. పక్కా ఇల్లు కట్టుకొనుట పాపము కాదు. పిల్లలు చదివి ఉద్యోగము చేయుట పాపము కాదు. పంట బాగుగా పండితే దేవునికి స్తోత్రము చెల్లించి అనుభవింపవచ్చును. మన వాదము వస్తువులతో కాదు. వస్తువులు వచ్చిననాడే సంతోషము వచ్చును, అవి పోయిననాడు సంతోషమును పోవునను ఉపదేశముతోనే మన వాదము.

పెండ్లినాడు గుమ్మమునకు మామిడాకుల తోరణము కట్టుదుము. ఎంత పచ్చగా, ఎంత కళగా ఉండును! నాలుగు దినములు గడచునప్పటికి అవే ఆకులు ముడుచుకొని గలగలలాడును. చెట్టుననున్న ఆకు మాత్రము అదే ఎండలో, అదే గాలిలో పచ్చగానే యుండును. రెండును ఒక చెట్టు ఆకులే. భేదమెక్కడ? ఒకటి వేరుతో కలిసియున్నది, రెండవది దారమునకు కట్టబడియున్నది. లోకమిచ్చు సంతోషము దారమునకు కట్టిన ఆకు. క్రీస్తునందలి సంతోషము వేరుగల చెట్టు. అందుచేతనే అపొస్తలుడైన పౌలు గలతీయులకు వ్రాయుచు సంతోషమును ఆత్మఫలములలో చేర్చెనుగాని బహుమానములలో చేర్చలేదు. ఫలమును బజారులో కొని కొమ్మకు కట్టవచ్చును; అంతమాత్రమున ఆ చెట్టు కాపు కాచినట్లగునా?

మన దేశములో జరిగిన సంగతులను చూడుడి. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో సారాయి దుకాణములకు ఎదురు నిలిచిరి. కూలి డబ్బులు ఇంటికి రాక, పిల్లలు పస్తులుండగా, దెబ్బలు తిని విసిగిన తల్లులు వారు. ఆ ఉద్యమము ఊరూర వ్యాపించెను. 1993 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో సారాయి నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో ఆ నిషేధము సడలింపబడెను. ఆ తల్లుల పోరాటము న్యాయమైనది. దానిని మనము గౌరవింపవలెను. అయితే అందులో మనకొక పాఠమున్నది. చట్టము దుకాణమును మూయగలదు. మనుష్యుని లోపలి దాహమును మూయలేదు. త్రాగువాడు దేనికొరకు త్రాగుచున్నాడు? కొంతసేపు సంతోషముగా ఉండవలెనని, బాధ మరువవలెనని త్రాగుచున్నాడు. తెల్లవారునప్పటికి సంతోషము పోయి, బాధ రెండింతలై కూర్చుండును. పైనుండి తెచ్చిపెట్టుకొను సంతోషము గతి ఇదే. అది సీసాలోనున్నను, అప్పు చేసిన పెండ్లిలోనున్నను, రాత్రి పన్నెండు గంటలవరకు చూచు ఫోనులోనున్నను అంతే. ఒక దినపు ఆర్భాటముకొరకు భూమి తాకట్టుపెట్టి, పది సంవత్సరములు వడ్డీ కట్టు విశ్వాసుల కుటుంబములు మన సంఘములలో లేవా? ఎదుటివారి పెండ్లిలో ఎన్ని కూరలు వడ్డించిరో లెక్కించి, మన ఇంట ఒకటి ఎక్కువ వడ్డించితిమనుకొను సంతోషము క్రీస్తు ఇచ్చినదేనా?

ఇక క్రొత్త బోధకుల మాటకు వత్తము. విశ్వాసమునకు కూలి ధనమే అయినయెడల పౌలుకంటె ధనవంతుడు ఉండకూడదు. అయితే ఆయన గుడారములు కుట్టి బ్రదికెను. తన శరీరములోని ముల్లు తొలగవలెనని ముమ్మారు వేడుకొనెను. ముల్లు తొలగలేదు, దానిని భరించుటకు చాలిన కృప దొరికెను. ఫిలిప్పీ పట్టణములో ఆయనను సీలను బెత్తములతో కొట్టి, లోపలి చెరసాలలో త్రోసి, కాళ్లకు బొండ బిగించిరి. వీపు గాయములు కడుగువాడు లేడు. మధ్యరాత్రివేళ వారు ప్రార్థన చేసి పాటలు పాడిరి. అప్పటికి భూకంపము రాలేదు, తలుపులు తెరువబడలేదు. ఈ వరుసను గమనింపుడి. విడుదలైనందున పాడలేదు, పాడినప్పుడు ఇంకను బంధకములలోనే యుండిరి. తలుపులు తెరువబడిన తరువాతను వారు పారిపోలేదు. చావబోయిన చెరసాల నాయకుని ఆపి రక్షించిరి. ఆ రాత్రి ఆ నాయకుడు తన ఇంటివారందరితో బాప్తిస్మము పొందెను. నూనె సీసా అమ్మువారు ఈ కథను తలక్రిందులు చేసి, మొదట తలుపు తెరువబడవలెను, తరువాత పాడుదమనుచున్నారు.

సంవత్సరములు గడచిన పిమ్మట అదే ఫిలిప్పీ సంఘమునకు పౌలు మరియొక బంధకములోనుండి నాలుగు అధ్యాయముల చిన్న పత్రిక వ్రాసెను. దాని నిండ సంతోషమే. అయితే ఆ సంఘములో కష్టములు లేకపోలేదు. వారు పంపిన ఎపఫ్రొదితు జబ్బుపడి చావుకు సిద్ధమాయెను. యువొదియ, సుంటుకే అను ఇద్దరు సహోదరీలకు మనస్పర్థ వచ్చెను. పౌలు దానిని దాచక, పేరుపెట్టి, ఏకమనస్సు కలిగియుండుడని వారిని బ్రతిమాలెను. ఏ స్థితిలోనున్నను తృప్తిగా నుండుటను తాను నేర్చుకొంటినని ఆయన చెప్పెను. నేర్చుకొంటినన్న మాటను విడువకుడి. తృప్తి ఆకాశమునుండి ఒక్కసారి ఊడిపడునది కాదు. బిడ్డ నడక నేర్చినట్లు, రైతు నాగలి పట్టుట నేర్చినట్లు, పడుచు లేచుచు క్రీస్తు కృపచేత నేర్చుకొనవలసినది. దీనినే శీలమందుము. శీలము లేని సంతోషము ఒక గంట కేక. సంతోషము లేని శీలము ఎండిన కట్టె. విశ్వాసము వేరైతే శీలము మ్రాను, సంతోషము ఫలము.

మన తెలుగు సంఘముల పునాదులను త్రవ్వి చూచినను ఈ సంగతియే కనబడును. 1876 మొదలు 1878 వరకు మహాక్షామము వచ్చినప్పుడు ఒంగోలులో మిషనెరీ జాన్ క్లౌగారు బకింగుహాము కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించెను. క్రీస్తును గూర్చి విని, బాప్తిస్మమిమ్మని అడిగినవారు వేలమంది. ఆయన ఇయ్యలేదు! ఒక సంవత్సరమునకు పైగా బాప్తిస్మములు ఆపివేసెను. కూటికొరకు వచ్చిరా, క్రీస్తుకొరకు వచ్చిరా అని తేలవలెనని ఆగెను. క్షామపు పని ముగిసెను, సహాయము ఇక లేదని చెప్పిరి, వారు మరలిపోలేదు. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అధికులు ఊరి వెలుపల నివసించిన మాదిగ కుటుంబములవారు. వారికి ఆ దినమున భూమి వచ్చినదా? ఇండ్లు వచ్చినవా? ఊరి బావి వారికి తెరువబడెనా? లేదు. దేవుడు మమ్మును ఎరుగును, మేము ఆయన బిడ్డలము అను నిశ్చయము వచ్చినది. తల వంచి నడచినవారు తలయెత్తుకొనిరి. చదువును, ఆసుపత్రులును, మంచి స్థితియు ఆ వేరునుండి తరువాత మొలిచినవి. కూడు చూపి బాప్తిస్మమియ్యనొల్లని ఆ దినములనుండి, వీసా చూపి కానుక లాగు ఈ దినములకు మనము ఎంత దూరము వచ్చితిమి!

ఇక్కడ ఒకరు లేచి, ‘అయ్యా, కడుపు నిండినవారు ఈ మాటలు చెప్పుట సులభము. ఆకలిగొన్నవానికి లోపలి సంతోషము చాలునా? అన్యాయము చేయువానికి ఈ బోధ అనుకూలము గదా’ అని అడుగవచ్చును. ఇది న్యాయమైన ప్రశ్న. దాటవేయరాదు. పేదవాడు నోరు మూసికొని సంతోషపడవలెనని బైబిలు ఎన్నడును చెప్పలేదు. పొలము కోసినవారి కూలిని ఎగవేసిన ధనవంతులను యాకోబు ఎంత కఠినముగా గద్దించెనో చదివి చూడుడి. క్లౌగారును ఆకలిగొన్నవారికి ప్రసంగము మాత్రమే ఇచ్చి పంపలేదు. పని చూపెను, కూలి ఇప్పించెను. న్యాయమైన కూలి అడుగుడి, పిల్లల చదువుకొరకు పోరాడుడి. అయితే లోపల క్రీస్తు సంతోషమున్నవాడు పోరాడు తీరు వేరు. వాడు లంచమునకు లొంగడు, ద్వేషముచేత కాలిపోడు, ఓడినను కృంగిపోడు, గెలిచినను గర్వించి తనకంటె చిన్నవానిని త్రొక్కడు. లోపలి సంతోషము అన్యాయమునకు మత్తుమందు కాదు. అన్యాయమునకు అమ్ముడుపోని గుండెకు బలము.

మరి ఈ సంతోషము మన ఇండ్లలో ఎట్లు పెరుగును? వేరుకు నీరు పోయవలెను. సాయంకాలము అరగంట ఫోను అవతల పెట్టి, కుటుంబమంతయు కూర్చుండి వాక్యము చదువుడి. చదువురాని తల్లి ఉంటే చదువుకొనుచున్న బిడ్డ చదివి వినిపించవలెను. మాటలాడని సహోదరుడున్నయెడల ఈ ఆదివారము బల్లయొద్దకు రాకముందే అతని ఇంటికి వెళ్లుడి. ఇయ్యవలసిన కూలి, తీర్చవలసిన బాకీ ఆలస్యము చేయకుడి. పెండ్లి చేయునప్పుడు ఊరి మెప్పుకొరకు అప్పు చేయకుడి. సంఘ పెద్దలే తమ ఇండ్లలో ముందుగా దీనిని చేసి చూపవలెను. వంట చేయునప్పుడెల్ల మన తల్లులు పిడికెడు బియ్యము తీసి దేవునికొరకు కుండలో వేయుట తెలుగు సంఘములలో పాత అలవాటు. ఆ తల్లులు వందంతలు తిరిగివచ్చునని వేయలేదు. ఉన్నదానిలోనుండి ఇచ్చుట వారికి సంతోషమైనందున వేసిరి. ఆ కుండలు వట్టిపోయిన ఇండ్లలో వాటిని మరల నింపుడి.

యేసు ప్రభువు పంపిన డెబ్బదిమంది శిష్యులు తిరిగివచ్చి, దయ్యములును తమకు లోబడుచున్నవని పొంగిపోయినప్పుడు ఆయన వారి సంతోషమును సరిదిద్దెను. చేసిన కార్యములను బట్టికాక, తమ పేరులు పరలోకమందు వ్రాయబడియున్నందునకే సంతోషింపవలెనని నేర్పెను. కార్యము ఒకనాడు జరుగును, ఒకనాడు జరుగదు. వర్షము ఒక ఏడు పడును, ఒక ఏడు పడదు. మిరపకు ఒక సంవత్సరము ధర యుండును, మరుసటి సంవత్సరము ఉండదు. వ్రాయబడిన పేరు చెరిగిపోదు.

కాబట్టి, ప్రియులారా, ఇకమీదట ఎవరైనను మీ వాకిట నిలిచి, ఇంత కానుకకు ఇంత సంతోషమని బేరమాడినయెడల మర్యాదగా మంచినీళ్లిచ్చి పంపివేయుడి. సిలువమీద వెల చెల్లించి మన ప్రభువు ఉచితముగా ఇచ్చినదానిని మరల కొనుక్కొనుటకు మన చేతిలో డబ్బు లేదు; కొనవలసిన అవసరమును లేదు.