గెలిచిన పిల్లల పేర్లేవి?

మొన్న జనగామ నుంచి మా వాట్సాప్‌కు ఒక ప్రెస్‌నోట్ వచ్చింది. బాలికల కబడ్డీ పోటీలు ముగిశాయని సమాచారం. ముఖ్య అతిథి పేరు, హోదా, వేదిక మీద కూర్చున్న పదకొండు మంది పేర్లు వరుసగా ఉన్నాయి. చివర ‘విజేతలకు బహుమతులు అందజేశారు’ అని ఒక్క వాక్యం. గెలిచిందెవరో ఎక్కడా లేదు. ఫొటోలో కప్పు పట్టుకున్న అమ్మాయి చేతులు కనిపిస్తున్నాయి. ముఖానికి అడ్డంగా ఎవరికో కప్పుతున్న శాలువా ఉంది.

ఇలాంటి ప్రెస్‌నోట్లు కొత్తవి కావు. నేను ఒక దినపత్రిక వరంగల్ డెస్కులో పనిచేసిన రోజుల్లోనూ వచ్చేవి. అయితే అప్పుడు స్పోర్ట్స్ చూసే సబ్ ఎడిటర్ ఫోన్ తీసి, “అన్నా, గెలిచిన పిల్లల పేర్లేవి?” అని అడిగేవాడు. విలేకరి పీఈటీ సారును పట్టుకునేవాడు. పేజీ పోయేలోపు పేర్లు వచ్చేవి. ఇంటిపేరు, తరగతి, బడి, అన్నీ.

2016 అక్టోబర్ 11న జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలయ్యాయి. పత్రికలు వాటికి విడిగా పేజీలిచ్చాయి, విలేకరులను పెంచాయి. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ (ఎస్‌జీఎఫ్) అండర్-14 ఖోఖో జట్టు ఎంపిక కూడా వార్తయ్యింది. ఆ సంబురం నాలుగేళ్లు కూడా నిలవలేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. ప్రకటనలు ఆగాయి, చాలా పత్రికల జిల్లా టాబ్లాయిడ్లు మెయిన్ పేపర్‌లో కలిసిపోయాయి. వైరస్ పోయింది కానీ పోయిన పేజీలు పూర్తిగా తిరిగి రాలేదు. న్యూస్‌ప్రింట్ ధర పెరిగింది, పేపర్ కొనే ఇళ్లు తగ్గాయి. యాజమాన్యాల కష్టం అబద్ధమని నేననను. కష్టం వచ్చినప్పుడు మొదట ఎవరి మీద చెయ్యి పడిందన్నదే నా బాధ.

జనగామలో నా మిత్రుడొకరు పద్నాలుగేళ్లు కంట్రిబ్యూటర్‌గా ఆటల వార్తలు రాశాడు. నెల జీతం లేదు, అచ్చయిన వార్తను కొలిచి ఇచ్చే లైన్ అకౌంటే. ఆయన చేతిలో ఎప్పుడూ పొడుగాటి నోట్‌బుక్ ఉండేది. ఒకసారి ఒక పిల్ల పేరులో దీర్ఘం ఎగిరిపోయి అచ్చయితే, వాళ్ల నాయనమ్మ బస్టాండ్‌లో నిలదీసిందట, “మా పిల్ల పేరు గట్ల కాదు బిడ్డా” అని. ఆనాటి నుంచి ప్రతి పేరూ పిల్లల చేతనే రాయించుకునేవాడు. లాక్‌డౌన్‌లో ఆయనకు డెస్కు నుంచి ఫోన్ వచ్చింది. “అన్నా, కొన్నాళ్లు స్పోర్ట్స్ పంపకు. పేజీలు తగ్గినయ్.” ఆ కొన్నాళ్లు ఇంకా తీరలేదు. తీసేసినట్టు కాగితం లేదు, లెక్క లేదు. చేర్చుకున్నప్పుడు కాగితం ఇచ్చి ఉంటే కదా!

అమెరికాలో ఇదే జరిగితే ప్రపంచానికి తెలిసింది. 2023 జులైలో న్యూయార్క్ టైమ్స్ తన క్రీడావిభాగాన్ని ఎత్తేస్తున్నట్టు ప్రకటించి, ఆ పేజీలను తాను కొన్న ‘ది అథ్లెటిక్’కు అప్పగించింది. 2026 ఫిబ్రవరి 4న వాషింగ్టన్ పోస్ట్ సిబ్బందిలో దాదాపు మూడోవంతు మందిని తొలగిస్తూ క్రీడావిభాగాన్ని మూసేసింది. అక్కడ జర్నలిస్టుల సంఘం మాట్లాడింది, రోడ్డు మీదకొచ్చింది. మన దగ్గర మండల విలేకరికి 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం నీడ కూడా సరిగా అందలేదు. ఆ చట్టమే 2025 నవంబర్ 21న కొత్త లేబర్ కోడ్‌లలో కలిసిపోయింది.

ఆటల వార్తలు ఫోన్‌లోనే దొరుకుతున్నాయి, పేపర్‌లో ఎవరు చదువుతారని అడుగుతారు. ఐపీఎల్ స్కోరు దొరుకుతుంది, నిజమే. చిట్యాల మండలంలో ఖోఖో ఎవరు గెలిచారో ఏ ఫోన్‌లో దొరుకుతుంది? ఎక్కడైనా దొరికే వార్తను ఏజెన్సీ నుంచి తెచ్చి పేజీ నిండా వేసి, ఇంకెక్కడా దొరకనిదాన్ని తీసేశారు. దీన్ని పొదుపని నేను ఒప్పుకోలేను. జిల్లా పాఠకుడు పేపర్ కొనడానికి ఉన్న కారణాల్లో ఒకటి చేజేతులా పోగొట్టుకోవడమిది.

ఒక ఊరి సంగతి చెప్పాలి. మహబూబాబాద్ జిల్లాకు పొరుగున, వరంగల్ జిల్లా పర్వతగిరి మండలంలో కల్లెడ. విలుకత్తె వర్ధినేని ప్రణీత ఆ ఊరి నుంచే 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కు వెళ్లింది. జీవంజి దీప్తిదీ ఆ ఊరే. 2024 మేలో కోబె ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్ల టీ20 (మేధోవైకల్య) విభాగంలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు, సెప్టెంబర్‌లో పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్యం. పతకం వచ్చిననాడు కెమెరాలన్నీ కల్లెడకు వచ్చాయి. బడి మైదానంలో ఆమె పరుగును ముందుగా పట్టుకున్నది మాత్రం వ్యాయామ ఉపాధ్యాయుడు. మైదానానికీ పారిస్‌కూ మధ్య గడిచిన ఏళ్లున్నాయే, జిల్లా విలేకరికి పని ఉండేది అక్కడే. ఇంకో దీప్తి ఇవాళ ఏ తండాలో ఉరుకుతోందో చూసి రాయవలసినవాడు ఆయనే.

భూపాలపల్లిలో సింగరేణి క్వార్టర్‌లో ఒక ఇంటి గోడ మీద లామినేషన్ చేసిన పేపర్ ముక్క చూశాను. నాలుగు లైన్ల వార్త. షాట్‌పుట్‌లో రెండో స్థానం వచ్చిన పిల్ల పేరు కింద ఎర్ర పెన్నుతో గీత. వాళ్ల నాన్న మార్నింగ్ షిఫ్టుకు పోతూ టిఫిన్ డబ్బాతో పాటు ఆ పేపర్ పట్టుకుపోయి అందరికీ చూపించాడట. పిల్లను హన్మకొండలో శిక్షణకు పంపనని అంతకుముందు దాకా భీష్మించుకున్న మనిషి. ప్రభుత్వ ఉద్యోగాల్లో రెండు శాతం క్రీడాకోటాకు కావలసింది సర్టిఫికెట్టే, పేపర్ కటింగ్ పనికిరాదు. తండ్రి మనసు మార్చింది మాత్రం ఆ కటింగే.

మహబూబాబాద్ జిల్లాలోనిదే ఇనుగుర్తి. 1922లో ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు అక్కడి నుంచి ‘తెనుగు పత్రిక’ తెచ్చారు. నిజాం ఏలుబడిలో, ఉర్దూ రాజ్యభాషగా ఉన్న కాలంలో, పల్లెలో అచ్చుయంత్రం పెట్టి, రాయడం నుంచి అచ్చు వేయడం దాకా తామే చేసుకున్నారు. అలాంటి జిల్లాలో నూరేళ్లు దాటాక, గెలిచిన పిల్ల పేరు రాసి పంపే మనిషిని పోషించలేమంటే నాకు మనసు ఒప్పడం లేదు.

ఆ కబడ్డీ ప్రెస్‌నోట్‌ను జనగామ మిత్రుడికి పంపాను. అడగడానికి మొహమాటపడ్డాను కూడా, ఇచ్చేందుకు మా దగ్గర లైన్ అకౌంట్ కూడా లేదు. సాయంత్రానికి ఆయన నోట్‌బుక్ కాగితం ఫొటో వచ్చింది. పన్నెండు పేర్లు, పన్నెండు రకాల చేతిరాతలు. పిల్లల చేతనే రాయించాడు. శాలువా వెనక ఉన్న అమ్మాయి కెప్టెన్, తొమ్మిదో తరగతి. ఆమె పేరు పక్కన మాత్రం ఆయన దస్తూరీ: “ఇక్కడ దీర్ఘం ఉంది, చూసుకోండి.”