స్తంభం ఎక్కే అన్న, కోడ్ రాసే చెల్లె ఒకచోట కూర్చోవాలి

నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ రాసే తెలుగువారికి, దాన్ని ఊళ్లలో నడిపిస్తున్న కేబుల్ అన్నలకు, కామారెడ్డి, బిచ్కుంద, బాన్సువాడ దిక్కు కంప్యూటర్లు చదువుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు జుక్కల్ నుంచి ఈ విన్నపం.

ఓపెన్‌సోర్స్ నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ గురించి తెలుగులో, ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే చోటు మనకు ఒకటి కావాలి. దాన్ని ఇక్కడే మొదలుపెడదాం. ఒక పక్క మహారాష్ట్ర, మరో పక్క కర్ణాటక, ఇంటింటా తెలుగు, మరాఠీ, కన్నడం, ఉర్దూ కలగలిసి వినిపించే ఈ మూలన. హైదరాబాద్ ఉండగా జుక్కల్ ఎందుకని అడుగుతారు. సాఫ్ట్‌వేర్ లోపం బయటపడేది తీగ చివరనే గనుక. గచ్చిబౌలి ఆఫీసులో దిట్టంగా పనిచేసిన రౌటర్, కరెంటు పోయి వచ్చే ఊళ్లో, ఒక సన్నటి లైనును పదిళ్లు పంచుకునే చోట ఎట్లా మొరాయిస్తుందో చూసేది ఇక్కడి మనిషి. దాన్ని సరిచేయగలిగేది అక్కడి మనిషి. ఈ ఇద్దరికీ ముఖపరిచయం లేదు.

ఒక్క సమస్య తీసుకుందాం. ఒక ఇంట్లో పెళ్లి వీడియో అప్‌లోడ్ పెడతారు. పక్కింట్లో దుబాయ్‌లో ఉన్న కొడుకుతో మాట్లాడుతున్న తల్లికి మాట ముక్కలవుతుంది. స్పీడ్ చాలదు, పెద్ద ప్యాకేజీ తీసుకోమంటారు. తీసుకున్నా అదే బాధ. చాలాసార్లు అసలు కారణం వేగం కాదు, రౌటర్ లోపల పేరుకుపోయే వరస. ఎరువుల దుకాణం ముందు ఒకటే వరస ఉంటే, వంద బస్తాలు ఎత్తుకునే ఆసామి వెనక ఒక్క బస్తా కోసం వచ్చిన రైతు పొద్దుగూకే దాకా నిలబడాలి. ఎవరి వరస వారికి పెట్టి, తలా ఒక బస్తా ఇస్తూ పోతే ఆ రైతు గడియలో ఇంటికి పోతాడు.

2010లో జిమ్ గెటిస్ అనే అమెరికన్ ఇంజనీరు తన ఇంటి నుంచి పెద్ద ఫైళ్లు పంపుతుంటే ఇంట్లో నెట్ అంతా మందగించడం గమనించారు. సర్దుకుపోకుండా లెక్కలు తీసి, వాన్ జాకబ్సన్ వంటి పాతతరం ఇంజనీర్ల ముందు పెట్టారు. రౌటర్లలో వరస పేరుకునే ఆ జబ్బుకు బఫర్‌బ్లోట్ అని పేరొచ్చింది. 2012లో క్యాథలీన్ నికోల్స్, జాకబ్సన్ కలిసి, వరస పేరుకోకుండా చూసే కోడెల్ అనే పద్ధతిని వెలువరించారు. వరసలు విడగొట్టే ఉపాయం తోడై, అదే ఏడాది ఎఫ్‌క్యూ కోడెల్ పేరుతో లినక్స్‌లోకి చేరింది. 2018 జనవరిలో ఆర్‌ఎఫ్‌సీ 8290గా అచ్చయింది. 2025లో కన్నుమూసిన డేవ్ టాట్ దీన్ని మామూలు ఇళ్ల రౌటర్లలోకి చేర్చడానికి ఏళ్ల తరబడి పాటుపడ్డారు. ఒక ఇంటి ఇబ్బంది లోకానికంతటికీ పరిష్కారంగా మారిందంటే, ఇబ్బంది పడ్డవారూ కోడ్ రాయగలిగినవారూ ఒకరి మాట ఒకరు విన్నందుకే.

ఆ మందు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఓపెన్‌సోర్స్ రౌటర్ సాఫ్ట్‌వేర్‌లో ఈరోజు ఉచితంగా దొరుకుతుంది. ఎస్‌క్యూఎం అనే ప్యాకేజీ వేసి, లైను అసలు వేగం కన్నా కాస్త తక్కువ అంకె ఇస్తే చాలు. ఈ మాట మా దిక్కు కేబుల్ అన్నల్లో ఎంతమంది చెవిన పడింది? అట్లాగే, చవక రౌటర్‌లో ప్రాసెసర్ బలం చాలకపోతే ఎస్‌క్యూఎం వేశాక మొత్తం వేగమే పడిపోతుంది. ఏ మోడల్, ఏ వేగం దగ్గర చతికిలబడుతుందో కేబుల్ అన్నకు అనుభవంలో తెలుసు. ఆ అంకెలు కోడ్ రాసేవారికి బంగారం. ఇచ్చేవాళ్లు, పుచ్చుకునేవాళ్లు రెండు వైపులా ఉన్నారు.

కోడ్ అందరి ముందూ ఉంది కదా, మళ్లీ కూర్చుని మాట్లాడుకోవడం ఎందుకు అనుకోవద్దు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ కథే చూడండి. 2003లో లింక్‌సిస్ కంపెనీ తన రౌటర్ సోర్స్ కోడ్‌ను జీపీఎల్ లైసెన్సుకు కట్టుబడి బయటపెట్టాక, 2004లో ఆ ప్రాజెక్టు పుట్టింది. 2016లో అదే ప్రాజెక్టు చీలింది. నిర్ణయాలు ఎక్కడ, ఎట్లా జరుగుతున్నాయో తెలియడం లేదని కొందరు బయటికొచ్చి లీడ్ అనే శాఖ పెట్టారు. మాట్లాడుకుని 2018 జనవరిలో మళ్లీ ఒక్కటయ్యారు. రౌటింగ్ సాఫ్ట్‌వేర్ క్వాగాదీ ఇటువంటి కథే. పంపిన దిద్దుబాట్లు, అంటే ప్యాచ్‌లు, కుప్పపడి కదలకపోవడంతో 2017లో ఎఫ్‌ఆర్‌రౌటింగ్ వేరు కాపురం పెట్టింది. రెండు చోట్లా కోడ్ అందరికీ తెరిచే ఉంది. ఇరుకైంది మాట్లాడుకునే దారే.

మనవాళ్లు ఇటువంటి పనికి కొత్తవారు కాదు. స్వేచ్ఛ సంస్థ తెలుగులో ఆపరేటింగ్ సిస్టం తెచ్చి చూపించింది. మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లా పల్లెల్లో ఐఐటీ బొంబాయి వారి గ్రామ్ మార్గ్ ప్రాజెక్టు ఊరి నెట్‌వర్క్‌లు నడిపి, 2017లో మొజిల్లా పోటీలో బహుమతి తెచ్చుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో కరెంటు స్తంభాల మీదుగా, తెలంగాణలో మిషన్ భగీరథ పైపుల కందకాల వెంట ఫైబర్ పరుచుకుంది. తీగ ఊరికొచ్చాక, దాని మీద నడిచే సాఫ్ట్‌వేర్‌ను విప్పి చూసి బాగుచేసుకునే చేతులు ఊళ్లోనూ తయారు కావాలని నా కోరిక. అది కుదరదనే మాట నేను ఒప్పుకోను. మోటారు వైండింగ్ మా పోరగాళ్లకు నేర్పింది కాలేజీలు కాదు.

నెలకో ఆదివారం కూర్చుందాం. మొదట జుక్కల్‌లో, తర్వాత మద్నూర్, బిచ్కుంద, పిట్లం, ఆపైన ఎల్లారెడ్డి, కామారెడ్డి. ఒక్కో నెల ఒక్క సమస్యే పట్టుకుందాం, ఉపన్యాసాలు వద్దు. కేబుల్ అన్నలూ, లైను తెగిన చోటు, నెట్ ఆగిన వేళ, రౌటర్ మోడల్ రాసుకుని రండి. లాగ్‌లు తెచ్చేటప్పుడు అందులోంచి ఇంటివాళ్ల ఫోన్ నంబర్లు, పాస్‌వర్డ్‌లు, మ్యాక్ అడ్రసులు, వాళ్లు చూసిన సైట్ల పేర్లు తప్పక తీసేయండి. నమ్మి లైను ఇప్పించుకున్నవారి గుట్టు మన చర్చకు సరుకు కాకూడదు. హైదరాబాద్, బెంగళూరు, అమెరికాల్లో నెట్‌వర్క్ కోడ్ రాస్తున్న మనవాళ్లూ, సెలవులకు ఊరొచ్చినప్పుడు ఒక్క పూట మాకివ్వండి. ఉద్యోగ ఒప్పందం ఏమంటుందో ముందే చూసుకుని, అనుమతి ఉన్నంత మేరకే చేయి వేయండి. మీరు వాడే ఇంగ్లిష్ మాటలు అట్లాగే ఉండనివ్వండి, వాక్యం మాత్రం తెలుగులో చెప్పండి. మరాఠీ, కన్నడం, ఉర్దూ మాట్లాడేవారికి పక్కనున్నవారు అర్థం అందిస్తారు.

ఇక్కడ కుదిరిన ప్రతి దిద్దుబాటూ మూల ప్రాజెక్టుకు పోవాలి, ఇదొక్కటి పట్టుబట్టి అడుగుతున్నాను. మన రౌటర్లలోనే దాచుకుంటే తర్వాతి వెర్షన్‌తో అది కొట్టుకుపోతుంది. తప్పు కనిపెట్టినవారి పేరు, దిద్దినవారి పేరు రెండూ ప్యాచ్‌లో ఉండాలి. కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లో అందుకు వీలుంది. స్తంభం ఎక్కినవారి పేరు కోడ్ చరిత్రలో చేరితే, రెండోసారి ఆయనే మరో ఇద్దర్ని వెంటబెట్టుకొస్తాడు.

మొదటిసారి బఫర్‌బ్లోట్‌నే పట్టుకుందాం. అటక మీద పడేసిన పాత రౌటర్ ఉంటే అడాప్టర్‌తో సహా తీసుకురండి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్కేది ఏదో, ఎక్కనిది ఏదో అక్కడే తేల్చి, ఎస్‌క్యూఎం వేయకముందు, వేశాక పింగ్ సమయం ఎంతుందో కాగితం మీద రాసుకుందాం.