పోస్టర్ దాచారు సరే.. దాని పుట్టుపూర్వోత్తరాలేవి?

రెజ్యూమెలో హాబీల దగ్గరికి వచ్చేసరికి చాలామంది 'సినిమాలు చూడటం' అని రాసి చేతులు దులుపుకుంటారు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఆ లైను చదవకుండానే దాటేస్తారు. అదే చోట 'పాత సినిమా పోస్టర్ల సేకరణ' అని ఉందనుకోండి, ఒక ప్రశ్న ఖాయం: 'మీ దగ్గరున్నది ఒరిజినలే అని ఎట్లా చెప్తారు?' తడబడకుండా రెండు నిమిషాలు జవాబు చెప్పగలిగితే మీ పరిశీలన ఏపాటిదో వాళ్లకు తెలిసిపోతుంది. చెప్పలేకపోతే మీ దగ్గరున్నది ఉత్త కాగితాల కట్టే.

పోస్టర్ విలువ దానిమీద ఏ హీరో ఉన్నాడన్నదాని కంటే, దాని గురించి మీరు ఎంత రుజువు చేయగలరన్న దాంట్లోనే ఎక్కువ ఉంటుంది.

ముందు మాటల అర్థం చూద్దాం. సినిమా విడుదలప్పుడు థియేటర్ల కోసం, గోడల కోసం అచ్చేసిన కాగితం ఒరిజినల్. తర్వాతెప్పుడో అమ్ముకోవడానికి వేసింది రీప్రింట్. 'ఇన్నే వేస్తాం' అని ముందే లెక్క చెప్పి, కింది అంచున 25/100 అన్నట్టు నంబరు వేసేది లిమిటెడ్ ఎడిషన్. మొత్తం ఎన్ని వేశారో చెప్పకుండా ఎవరైనా 'లిమిటెడ్' అంటే అది అమ్మకం మాటే అనుకోండి.

మన దగ్గర వాల్‌పోస్టర్ ఆయుష్షు మహా అయితే కొన్ని వారాలు. మైదా జిగురుతో గోడకు అంటిస్తారు. కొత్త శుక్రవారం రాగానే దానిమీద ఇంకోటి పడుతుంది. అందుకే అంటించకుండా డిస్ట్రిబ్యూటర్ ఆఫీసులోనో, థియేటర్ గదిలోనో, ప్రెస్సులోనో ఉండిపోయినవే నేటికీ మిగిలాయి. విదేశాల్లోనూ ఇదే కథ. 1927 నాటి జర్మన్ సినిమా 'మెట్రోపొలిస్' పెద్ద పోస్టర్లు లోకానికి తెలిసినంతవరకు నాలుగే మిగిలాయి. వాటిలో ఒకటి 2005లో 6,90,000 డాలర్లకు అమ్ముడైంది. ఆ అంకె చూసి ఆవేశపడకండి. ఎన్ని మిగిలాయో లెక్క తెలిసింది కాబట్టే అంత ధర.

మరి ఒరిజినల్‌ను పట్టుకునేదెట్లా? 'మాయాబజార్' తీసుకుందాం. సినిమా 1957లో బ్లాక్ అండ్ వైట్‌లో వచ్చింది, 2010లో రంగులద్ది మళ్లీ విడుదల చేశారు. అట్లాగని రంగుల పోస్టర్ కనపడగానే 2010ది అనుకుంటే పొరపాటు. బ్లాక్ అండ్ వైట్ సినిమాలకూ అప్పట్లో రంగుల పోస్టర్లే వేసేవాళ్లు. కాబట్టి రంగు చూడకండి, అక్షరాలు చదవండి. కలర్ వెర్షన్ అనో, డిజిటల్ సౌండ్ అనో ఉంటే అది రీరిలీజ్‌ది.

తర్వాత భూతద్దం తీయండి. ఆఫ్‌సెట్ ముద్రణలో నాలుగు రంగుల చుక్కలు ఒక క్రమంలో చిన్న పూలలా అమరి ఉంటాయి. ఇంక్‌జెట్ ప్రింట్‌లో అవి చిలకరించినట్టు చెల్లాచెదురుగా ఉంటాయి. ఆఫ్‌సెట్‌లో రీప్రింట్ వేసేవాళ్లూ ఉంటారు కాబట్టి ఈ ఒక్క పరీక్షతో ఆగొద్దు. అడుగు అంచు కూడా చూడండి. మన దేశంలో అచ్చేసే కాగితంపై ముద్రించినవారి పేరు, ఊరు ఉండాలని, 2024లో రద్దయ్యేదాకా 1867 నాటి చట్టమే చెప్పేది. పాత పోస్టర్ల అడుగున ప్రెస్ పేరు వెతికితే చాలాసార్లు దొరుకుతుంది.

పక్కనే డిజైనర్ సంతకం ఉందేమో చూడండి. పాలకొల్లు నుంచి వెళ్లిన ఈశ్వర్ 1967లో బాపు తీసిన 'సాక్షి'తో మొదలుపెట్టి రెండు వేలకు పైగా సినిమాలకు పబ్లిసిటీ డిజైన్ చేశారు. 'సినిమా పోస్టర్' పేరుతో పుస్తకమూ రాశారు. 2021లో కన్నుమూశారు. హీరో పేరు అందరికీ తెలుసు. ఆ బొమ్మ వేసిన చేయి ఎవరిదో మీ రికార్డులో రాయకపోతే ఇంకెవరు రాస్తారు?

ఆ రికార్డుకు ఒక స్ప్రెడ్‌షీట్ చాలు. సినిమా, సంవత్సరం, సైజు, ప్రెస్, డిజైనర్, ఎవరి దగ్గర ఎప్పుడు తీసుకున్నారు, ఎక్కడ చిరిగింది. ఇవన్నీ రాసి, రెండు వైపులా ఫొటో తీసి పెట్టండి. 'ఘనపూర్ నుంచి తెచ్చాను' అని మాత్రం వదిలేయకండి. జనగామలో ఘనపూర్ ఉంది, భూపాలపల్లిలోనూ ఉంది. పదేళ్ల తర్వాత చూసేవాళ్లకు ఏది అర్థం కావాలి? జిల్లా, థియేటర్ పేరు రాస్తేనే అది ఆధారం. డేటా ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు నేర్చుకునే మొదటి పాఠమూ ఇదే: ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని సమాచారాన్ని నమ్మలేం.

దాచేటప్పుడు మనవాళ్లు ప్రేమతోనే చెడగొట్టేది లామినేషన్‌తో. ఒకసారి చేయిస్తే ఆ ప్లాస్టిక్‌ను విడదీయడం దాదాపు అసాధ్యం. సెల్లోటేప్ కూడా వద్దు, దాని జిగురు కాగితాన్ని పసుపు చేస్తుంది. ఎండ తగలకుండా, చెమ్మ లేనిచోట, చెదలకు అందకుండా పరిచి పెట్టండి.

ఇక డబ్బు సంగతి. కోచింగ్ ఫీజు, హాస్టల్ అద్దె కట్టడానికే ఇంట్లో వాళ్లు ఇబ్బంది పడుతుంటే, 'రేపు ధర పెరుగుతుంది' అనే మాట నమ్మి వేలు పెట్టి పోస్టర్ కొనొద్దు. మొదటి జీతం వచ్చేదాకా ఖర్చులేని సేకరణే మేలు. 'ఆర్ఆర్ఆర్' 2022 అక్టోబరులో విడుదలైన జపాన్‌లో సినిమాల ప్రచారానికి థియేటర్లలో 'చిరాషి' అనే చిన్న కాగితాలు ఊరికే పెడతారు. వాటినే ఏళ్ల తరబడి దాచుకునేవాళ్లున్నారు. మనకూ పాటల పుస్తకాలు, కరపత్రాలు ఉన్నాయి కదా! ఇంకోమాట, పోస్టర్ కొన్నంత మాత్రాన దాన్ని స్కాన్ చేసి ప్రింట్లు అమ్ముకునే హక్కు రాదు. కాపీరైట్ వేరు.

ఇంత పని నేర్చినవాళ్లకు దారులూ ఉన్నాయి. పుణెలో 1964లో మొదలైన జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ సినిమాలతోపాటు పోస్టర్లనూ భద్రపరుస్తోంది. ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ 2019లో హైదరాబాద్‌లోనే సినిమా పరిరక్షణపై వర్క్‌షాప్ పెట్టింది. ఆ రంగంలోకి వెళ్లకపోయినా ఈ అలవాటు వృథా పోదు.

ఈ ఆదివారం మీ ఊళ్లో ఒకప్పుడు థియేటర్‌లో పనిచేసిన పెద్దాయన ఎవరైనా ఉంటే వెళ్లి కలవండి. కాగితం దొరకకపోయినా పర్లేదు. ఏ పోస్టర్ ఏ ప్రెస్సు నుంచి వచ్చేదో, ఎవరు అంటించేవారో అడిగి, తేదీ వేసి రాసుకోండి. కాగితమైతే రేపు ఇంకోచోట దొరకొచ్చు. ఆయనకు గుర్తున్నది ఆయన దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకదు.