కూతురికి నేను కొనిచ్చిన కుండ

నా కూతురు అడిగింది ఒకటి, నేను చేసింది ఇంకొకటి. ముందు ఆ సంగతి ఒప్పుకుని తర్వాత వాదనలోకి వస్తాను.

2023 నవంబరులో న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. ఆ ఏడు కార్తీకమాసమూ థాంక్స్‌గివింగూ కలిసొచ్చాయి. ఒక ఆదివారం వనభోజనాలు (వనమేమీ లేదు, చలికి అద్దె హాల్లో చాపలు పరిచారు), గురువారం థాంక్స్‌గివింగ్‌కి ఇంటికి పద్నాలుగు మంది, ఆ వెనక క్రిస్మస్ సెలవులు, కొత్త సంవత్సరం, అది దాటగానే సంక్రాంతి. నవంబరు చివర్నుంచి కొత్త సంవత్సరం దాకా అక్కడ ‘హాలిడే సీజన్’. అక్కడున్న మన ఆడవాళ్ళకి మాత్రం అది రెండు దేశాల పండగలూ ఒకే స్టవ్ మీదికి ఎక్కే కాలం.

ఆ గురువారం రాత్రి పదకొండు దాటాక సింకు ముందు నిలబడి మా అమ్మాయి, “అమ్మా, క్రిస్మస్‌కి వచ్చేవాళ్ళ వంట ఆయన్ని చూసుకోమని నువ్వు ఒక్క మాట చెప్పవా? నేనంటే గొడవవుతుంది. నువ్వంటే కాదనలేడు” అంది.

ముప్పై ఏళ్ళు కాలేజీలో పాఠాలు చెప్పాను. ఇంటిచాకిరీ మీద సెమినార్లలో పేపర్లు చదివాను. ఇల్లు అలికీ అలికీ తన పేరే మర్చిపోయిన ఇల్లాలి కథ, సత్యవతి గారి ‘ఇల్లలకగానే’ చెప్పేటప్పుడు క్లాసులో ఆడపిల్లల మొహాల్లోకి చూసేదాన్ని. అలాంటి నేను అల్లుడితో ఒక్క మాట అనలేకపోయాను. అత్తగారు పెత్తనం చేస్తోందనుకుంటాడేమో! పరాయి దేశంలో వాళ్ళిద్దరి మధ్యా చిచ్చు పెట్టినదాన్నవుతానేమో! మర్నాడు తగ్గింపు ధరలకి షాపులన్నీ కిటకిటలాడుతుంటే వెళ్ళి ఒక స్లో కుక్కర్ కొని, “ఇదిగోనే, ఇంక నీకు శ్రమ ఉండదు” అని దాని చేతిలో పెట్టాను.

మనిషి సాయం అడిగిన పిల్లకి కుండ ఇచ్చాను. అది ఏమీ అనలేదు. “థాంక్స్ అమ్మా” అని పెట్టె విప్పింది.

చూడనివాళ్ళకి రెండు ముక్కలు. స్లో కుక్కర్ అంటే లోపల పింగాణీ పూత పూసిన మందపాటి మట్టికుండ, దాని చుట్టూ సన్నసెగ ఇచ్చే కరెంటు తీగ, పైన అద్దం మూత. పొద్దున సామాన్లు వేసి మీట తిప్పితే సాయంత్రానికి, ఏడెనిమిది గంటల్లో, ఉడుకుతుంది. మాడదు, పొంగదు. దగ్గర కాపలా ఉండక్కర్లేదు. ఇంతవరకూ నిజమే.

ఆ డిసెంబరంతా ఏ ఇంటికి వెళ్ళినా ఆడవాళ్ళంతా ఒక మూలకి చేరి ఈ వంటల గురించే మాట్లాడుకునేవాళ్ళు. పప్పు మఖనీ, రాజ్మా, మిరపకాయల చికెన్, ఆఖరికి రవ్వకేసరి కూడా. “చాలా ఈజీ ఆంటీ, అన్నీ అందులో పడేసి వెళ్ళిపోవడమే!” ఆ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. వాళ్ళు చదువుకున్నవాళ్ళు, నాకంటే తెలివైనవాళ్ళు, అందరూ ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళే. ఒక్కరూ “మా ఆయన పడేస్తాడు” అనలేదు.

ఈ ‘పడేయడం’ ఏమిటో మా ఇంట్లో దగ్గరుండి చూశాను. క్రిస్మస్ ముందురోజు రాజ్మా వండాలనుకుంది మా అమ్మాయి. ముందురోజు రాత్రి గుర్తుపెట్టుకుని గింజలు నానబోసింది. పచ్చి రాజ్మాలో ఫైటోహెమగ్లుటినిన్ అనే విషపదార్థం ఉంటుంది. నానిన నీళ్ళు పారబోసి, వేరే గిన్నెలో కనీసం పది నిమిషాలు, నిక్కచ్చిగా అయితే అరగంట, తెర్ల కాగనిస్తే గాని అది పోదు. స్లో కుక్కర్ సన్నసెగకి అది చావకపోగా ఎక్కువయ్యే ప్రమాదం కూడా ఉంది. కాబట్టి పొద్దున అయిదున్నరకి లేచి స్టవ్ మీద మరిగించింది. మూత పెట్టిన కుండలోంచి ఆవిరి బయటికి పోదు, అందుకని పచ్చి ఉల్లిపాయ అలాగే వేస్తే పచ్చివాసనే మిగుల్తుంది. ఇంకో మూకుడులో ఉల్లి, అల్లం, వెల్లుల్లి వేయించింది. టమాటా ముందే వేస్తే ఆ పులుపుకి గింజ మెత్తబడదు, మధ్యాహ్నం మీటింగుకీ మీటింగుకీ మధ్య లేచొచ్చి వేసింది. సాయంత్రం తాలింపు. రాత్రి ఆ బరువైన మట్టికుండ కడగడం. మొత్తం మూడు గిన్నెలు, రెండు స్టవ్‌లు, ఒక మనిషి. ఆ వంటని అందరూ మెచ్చుకుంటే, “నేనేం చేశాను, కుక్కరే చేసింది” అంది నా కూతురు.

అక్కడ నాకు గుండె కలుక్కుమంది. మా అమ్మ కట్టెపొయ్యి ఊది ఊది కళ్ళు పాడుచేసుకుంది గాని, ‘పొయ్యే చేసింది’ అని ఏనాడూ అనలేదు. వంట తనదేనని ఆవిడకి తెలుసు, తిన్నవాళ్ళకీ తెలుసు. ‘ఈజీ’ అన్న మాట పని తగ్గించలేదు. చేసిన పనిని కంటికి కనపడకుండా చేసింది, అంతే. తేలికైన పనిలో సాయం అడగడానికి నోరెలా వస్తుంది? తేలికైన పనికి అలిసిపోతే తప్పు ఎవరిది? మన ఒంటిదే కదా! వంటల పుస్తకాలు కుండ ఉడికే ఎనిమిది గంటలే లెక్కవేస్తాయి. ఏం వండాలో ఆలోచించడం, సరుకులు చూసుకోవడం, ఎవరు నెయ్యి తినరో ఎవరు కోడి తినరో గుర్తుంచుకోవడం, తరగడం, కడగడం వాటి లెక్కలో లేవు. నిజానికి మన బుర్రే ఒక స్లో కుక్కర్. నవంబరులో మీట తిప్పితే సంక్రాంతి దాకా ఆరదు.

ఈ కుండ చరిత్ర చదివితే నాకు ఇంకా కోపం వచ్చింది. దీన్ని కనిపెట్టిన ఇర్వింగ్ నాక్సన్ చికాగోలో ఉండేవాడు. యూదు కుటుంబం. లిథువేనియాలో తన చిన్నప్పుడు శుక్రవారం పొద్దుకుంకే ముందు చోలెంట్ అనే వంటకం కుండని ఊరి రొట్టెల బట్టీకి మోసుకెళ్ళేవాళ్ళమని తల్లి అతనికి చెప్పిందట. శనివారం సబ్బాతు, నిప్పు రాజెయ్యకూడదు, ఏ పనీ చెయ్యకూడదు. బట్టీలో మిగిలిన వేడికే కుండ రాత్రంతా మగ్గేది. ఆ ముచ్చటలోంచి పుట్టిన యంత్రానికి నాక్సన్‌కి 1940లో పేటెంట్ వచ్చింది. 1970లో కాన్సస్ సిటీకి చెందిన రైవల్ కంపెనీ అతని వ్యాపారం కొని, 1971లో దానికే ‘క్రాక్-పాట్’ అని పేరు పెట్టి అమ్మింది. సరిగ్గా అమెరికాలో పెళ్ళయిన ఆడవాళ్ళు పెద్ద ఎత్తున ఉద్యోగాలకి వెళ్తున్న కాలం. 1975లో మేబుల్ హాఫ్‌మన్ రాసిన ‘క్రాకరీ కుకరీ’ అనే వంటల పుస్తకం లక్షల్లో అమ్ముడుపోయింది. “ఆఫీసుకి పోండి, ఇంటికొచ్చేసరికి వంట తయారు” అన్నది సారాంశం.

గమనించారా? మొదట ఆ కుండ వెనక ఒక విశ్రాంతి నియమం ఉంది. వారానికొక రోజు ఎవరూ పనిచెయ్యకూడదు, ఇంట్లో పనివాళ్ళతో సహా, పశువులతో సహా. (శుక్రవారం ఆ చోలెంట్‌కి తరిగిందీ నానబెట్టిందీ ఆడవాళ్ళే, అది మర్చిపోవడం లేదు.) పైగా ఆ బట్టీ ఊరందరిదీ. 1971 నాటికి విశ్రాంతి రోజు పోయింది, ఊరి బట్టీ పోయింది. కుండ మాత్రం రంగులేసుకుని ఇంటింటికీ ఒకటి వచ్చింది. ఎవరి వంటింట్లో వాళ్ళు ఒంటరిగా తిప్పుకునే మీట అది. ‘వంటిల్లు’ కవిత రాసిన విమలకి ఈ ఒంటరి వంటిళ్ళ సంగతి ఎప్పుడో తెలుసు.

రూత్ ష్వార్ట్జ్ కోవన్ అనే చరిత్రకారిణి 1983లో ‘మోర్ వర్క్ ఫర్ మదర్’ అనే పుస్తకం రాసింది. కొత్త యంత్రాలు వచ్చినప్పుడల్లా ఇంట్లో మగవాళ్ళూ పిల్లలూ చేసే పని తగ్గిందనీ, ఆడవాళ్ళ పని తగ్గలేదనీ అందులో చూపించింది. ఇనప స్టవ్ వస్తే మగవాడికి కట్టెలు కొట్టే పని తగ్గింది, ఆవిడకి ఒక కూర పోయి మూడు కూరలయ్యాయి. ఈ పుస్తకం నేను పాఠం చెప్పాను. కుండ కొనేరోజు గుర్తు రాలేదు.

ఎందుకు గుర్తు రాలేదో చెప్తాను, ఇది ఇంకా సిగ్గుపడాల్సిన విషయం. గుంటూరులో నా ఇంట్లో తరిగేదీ తోమేదీ నేను కాదు. ఇరవై రెండేళ్ళు ఒకావిడ మా ఇంట్లో పనిచేసింది. నా పేపర్లు ఆవిడ చేతుల మీద నడిచాయి. సంక్రాంతి నాడు కూడా వచ్చి మా గిన్నెలు తోమి, తన ఇంటి అరిసెలు రాత్రిపూట వండుకునేది. మా ఆయన్ని వంటింట్లోకి రమ్మనే అవసరం నాకు రాలేదు, ఎందుకంటే నా వంతు ఇంకో ఆడమనిషి మీదకి దొర్లించేశాను. అమెరికాలో ఆవిడ లేదు. ఆవిడ చోట్లో కుండని పెట్టానన్నమాట. మా అమ్మమ్మ ఇంట్లోనూ అంతే. దాలిలో పిడకల నిప్పు మీద పొద్దుటి పాలు సాయంత్రం దాకా కాగి, ఎర్రగా, చేతిమందం మీగడ కట్టేవని ఇప్పటికీ మురిపెంగా చెప్పుకుంటాం. ఆ పిడకలు కొట్టినావిడ ఎవరో నాకు పేరు కూడా తెలీదు.

నిదానంగా వండటం ఆడవాళ్ళ ఓర్పుకి సంబంధించినదని కొందరు కవిత్వం చెప్తారు. రంజాన్ నెలలో హైదరాబాదు వచ్చి చూడమనండి. బట్టీల మీద దేగ్‌లలో గోధుమా మాంసమూ గంటల తరబడి ఉడుకుతుంటే, మగవాళ్ళు చేతులు పడిపోయేలా ఘోట్నీలతో దంచుతారు. దాన్ని ఎవరూ ‘ఈజీ’ అనరు. 2010లో హైదరాబాద్ హలీమ్‌కి జీఐ గుర్తింపు వచ్చింది. ఆ కూలీ వాళ్ళకి చాలదన్నది వేరే సంగతి, కానీ కూలీ అనేది ఉంది, అది పని అన్న ఒప్పుదల ఉంది. కాబట్టి మగవాళ్ళకి ఓర్పు లేదనకండి. చేతులూ ఉన్నాయి.

“అయితే యంత్రాలు వద్దంటారా, మళ్ళీ రోళ్ళు తెచ్చుకోమంటారా?” అని ఒక యువ రచయిత్రి నన్ను నిలదీసింది. వద్దనడం లేదు. గ్యాస్‌పొయ్యికి ఎప్పుడూ దణ్ణం పెడతాను. కానీ లెక్క చూడండి. మన దేశంలో ప్రభుత్వమే చేసిన కాల వినియోగ సర్వే ప్రకారం 2019లో ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు దానికి పెట్టారు, చేసే పురుషులు 97. 2024 సర్వేలో స్త్రీలవి 289కి తగ్గాయి. సంతోషం! పురుషులవీ 88కి తగ్గాయి. తేడా 202 నిమిషాల నుంచి 201కి వచ్చింది. అయిదేళ్ళకి ఒక్క నిమిషం. పైగా ఆ 88 నిమిషాలు అసలు పని ముట్టుకునే పురుషుల సగటు. వాళ్ళు నలుగురిలో ఒకరికి కాస్త ఎక్కువ. మిక్సీలూ కుక్కర్లూ గ్రైండర్లూ కొంటూనే ఉన్నాం. ఆ 201 ఏ షాపులోనూ తగ్గింపు ధరకి రాదు.

2024లో, క్రిస్మస్‌కి ముందు, మా అల్లుడికి నేనే ఫోను చేశాను. ఏడాది ఆలస్యంగా. “నాయనా, ఈసారి వచ్చేవాళ్ళకి వంట నువ్వు చూసుకో” అన్నాను. అతను నవ్వి, “దానికేముంది అత్తయ్యా, మీరు కొన్న కుక్కర్ ఉందిగా, అన్నీ పడేస్తే అదే అయిపోతుంది” అన్నాడు. నేను కొన్న కుండే నాకు సమాధానం చెప్పింది. అయినా ఒప్పుకున్నాడు.

పండగ మర్నాడు అమ్మాయి వీడియో కాల్ చేసింది. రాజ్మా ఏమైందే అని అడిగాను.

“నానబోయడం మర్చిపోయాడమ్మా. రాత్రి పడుకోబోతూ చూశాను, డబ్బా అలమరలోనే ఉంది. చెప్పలేదు. పోయి పడుకున్నాను.”

“మరి వచ్చినవాళ్ళకి?”

“పిజ్జాలు తెప్పించాడు. పది మందికి ఆరు.”

అయ్యో, పండగపూట ఇంటికొచ్చినవాళ్ళకి పిజ్జాలు పెట్టారుటే అన్న మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. ఆపుకున్నాను గాని మొహం ఆపుకోలేకపోయాను. అది తెరమీద నన్ను చూస్తూ నవ్వి, “అనేసెయ్ అమ్మా, ఫరవాలేదు” అంది.